రాత్రంతా సాగే అంచెల పరుగు: జట్టు కూర్పు నుంచి గమ్యం దాకా

రాత్రంతా సాగే దూరపు రిలేలకు ఎక్కువ చోట్ల స్థిరపడిన లెక్క ఒకటుంది: జట్టుకు 12 మంది, ఆరుగురికి ఒకటి చొప్పున రెండు వ్యాన్లు, 36 అంచెలు, సుమారు 320 కిలోమీటర్లు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1982లో ఎనిమిది జట్లతో మొదలైన హుడ్ టు కోస్ట్ ఈ తరహా పోటీలకు ఒరవడి పెట్టింది. 2004లో యూటా రాష్ట్రంలో పుట్టిన రాగ్నర్ అనే పోటీల సంస్థ దాన్ని మరెన్నో ప్రాంతాలకు తీసుకెళ్ళింది. ఆలోచన మాత్రం అంతకంటే పాతది. జపాన్‌లో 1917లోనే క్యోటో నుంచి టోక్యో దాకా సుమారు 508 కిలోమీటర్లు, భుజాన వేసుకునే పట్టీని ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ, రాత్రింబవళ్ళు పరిగెత్తారు. ఆ పోటీకి పెట్టిన ఎకిడెన్ అనే పేరు పాత తపాలా మజిలీల నుంచి వచ్చింది. మన ‘అంచె’ కూడా తపాలా మోసేవారు మారే మజిలీని చెప్పిన మాటే కనుక, ఒక్కొక్కరు పరిగెత్తే భాగాన్ని ఇక్కడ అంచె అనే అంటాను.

జట్టు సగటున కిలోమీటరుకు 6 నిమిషాల వేగంతో వెళితే 320 కిలోమీటర్లకు 32 గంటలు పడుతుంది. అందులో ఒక్కొక్కరు పరిగెత్తేది మూడు అంచెలు కలిపి 27 కిలోమీటర్ల లోపు, అంటే 2 గంటల 40 నిమిషాలు. మిగిలిన 29 గంటల పైచిలుకు వ్యాన్‌లో, ఒకరి నుంచి ఒకరు పరుగు అందుకునే మార్పిడి స్థలాల్లో, ఎక్కడో నేల మీద పరచుకున్న స్లీపింగ్ బ్యాగ్‌లో గడుస్తుంది. కొత్త జట్లు ఆ 2 గంటల 40 నిమిషాల కోసం నెలల తరబడి సిద్ధమై, మిగతా 29 గంటలను అప్పటికప్పుడు చూసుకుందామని వదిలేస్తాయి. నేను చూసినంతలో జట్లు దెబ్బతినేది ఆ గంటల్లోనే. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం పరుగు గురించి కాకుండా పరుగుకూ పరుగుకూ మధ్య జరగవలసిన పని గురించే ఉంటుంది.

1. ముందు నియమావళి, తర్వాతే జట్టు

పేరు నమోదు చేసుకునే ముందు పోటీ నియమావళిని కెప్టెన్ ఒక్కరే కాకుండా మరొకరు కూడా పూర్తిగా చదవాలి. ముఖ్యంగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. అంచెల వరుసను మధ్యలో మార్చనిస్తారా, ఎవరైనా గాయపడితే వారి అంచెను ఎవరు పూర్తి చేయాలి, రిఫ్లెక్టివ్ జాకెట్ ఏ సమయం నుంచి ఏ సమయం వరకు తప్పనిసరి, ఏ మార్పిడి స్థలానికి ఏ వ్యాన్‌ను రానిస్తారు, ఏ దారిలో వ్యాన్లు ఆగకూడదు అన్నవి ముందే తెలియాలి. ఒక వ్యాన్‌లోని ఆరుగురు వరుసగా పరిగెత్తాక రెండో వ్యాన్ వంతు వస్తుంది కనుక, ప్రతి ఆరో అంచె చివర రెండు వ్యాన్లూ కలిసే పెద్ద మార్పిడి స్థలం ఉంటుంది; మిగతా చోట్లకు పరుగులో ఉన్న వ్యాన్‌ను మాత్రమే అనుమతించడం సాధారణం.

మనుషులను ఎంచుకునేటప్పుడు వేగం కంటే నిద్రలేమిలో వారి స్వభావం ఎలా ఉంటుందో చూడడం మేలు. కిలోమీటరుకు అర నిమిషం నెమ్మదిగా పరిగెత్తే మనిషి జట్టుకు తన మూడు అంచెల్లో మహా అయితే 13 నిమిషాలు ఖర్చు చేస్తాడు. తెల్లవారుజామున మూడింటికి అలిగి కూర్చునే మనిషి ఖర్చుకు లెక్క ఉండదు. పరిగెత్తే 12 మందికి తోడు, పరిగెత్తని డ్రైవర్లను వ్యాన్‌కు ఒకరిని పెట్టుకోగలిగితే జట్టు బరువు సగం దిగినట్టే. ఆ వెసులుబాటు లేకపోతే ప్రతి వ్యాన్‌లోనూ కనీసం ముగ్గురు బండి నడపగలవారు ఉండాలి. తన అంచె ముగిసిన వెంటనే ఎవరూ స్టీరింగ్ పట్టుకోకూడదన్న కట్టుబాటు బయలుదేరక ముందే పెట్టుకోవాలి.

2. కాలపట్టిక: జట్టు అసలు ఆయుధం

ప్రతి అంచెకూ ఒక వరుస, ప్రతి వరుసలో ఐదు గళ్ళు ఉండేలా ఒక పట్టిక తయారు చేయండి: ఎవరు పరిగెత్తుతారు, ఎంత దూరం, అంచనా వేగం, అంచనా ప్రకారం చేరే సమయం, నిజంగా చేరిన సమయం. చివరి గడి ఖాళీగా ఉంటుంది, పోటీలో పెన్నుతో నింపుతారు. ఫోన్‌లో పెట్టుకున్న పట్టిక హాయిగానే ఉంటుంది కానీ, ఇలాంటి దారుల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, రాత్రికి ఛార్జింగ్ అడుగంటుతుంది. అందువల్ల రెండు వ్యాన్లలోనూ కాగితం మీద ముద్రించిన ప్రతి ఒకటి డ్యాష్‌బోర్డుకు అంటించి ఉండాలి.

అంచనా వేగం దగ్గర అందరూ తమను తాము మోసం చేసుకుంటారు. ఎవరిని అడిగినా తమ జీవితంలోకెల్లా మంచి రోజున పరిగెత్తిన వేగాన్ని చెబుతారు. ఒక్కొక్కరు కిలోమీటరుకు 20 సెకన్లు ఎక్కువ ఆశపడితే, 320 కిలోమీటర్ల చివర జట్టు దాదాపు 1 గంట 47 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి ఇటీవలి 10 కిలోమీటర్ల పరుగు వేగాన్ని ఆధారంగా తీసుకుని, మొదటి అంచెకు కిలోమీటరుకు 10 సెకన్లు, రాత్రి అంచెకు 25, మూడో అంచెకు 35 సెకన్ల దాకా కలపమని నా సలహా. ఎత్తు ఎక్కే అంచెలకు ఇంకొంత చేర్చాలి. ఇది కేవలం లెక్క కోసం కాదు. చాలా పోటీల్లో జట్లు చెప్పిన వేగాన్ని బట్టే నెమ్మదైనవాటిని ముందుగా, వేగమైనవాటిని ఆలస్యంగా వదులుతారు కనుక, తప్పు చెప్పిన జట్టు దారిలో ఒంటరిగా మిగులుతుంది, లేదా ఇంకా తెరవని మార్పిడి స్థలానికి చేరుతుంది.

ఉదయం 6 గంటలకు బయలుదేరే జట్టు పట్టికను ఇలా ఊహించుకోండి. అంచెలన్నీ దాదాపు సమానమనుకుంటే ఒక్కో వ్యాన్ వంతు 5 గంటల 20 నిమిషాలు. మొదటి వ్యాన్ 6 నుంచి 11:20 వరకు, రెండోది అక్కడి నుంచి సాయంత్రం 4:40 వరకు, మళ్ళీ మొదటిది రాత్రి 10 వరకు, రెండోది తెల్లవారుజామున 3:20 వరకు, మొదటిది ఉదయం 8:40 వరకు, చివరగా రెండోది మధ్యాహ్నం 2 గంటల వరకు పరుగులో ఉంటాయి. ఈ వరుసను ఒకసారి నిదానంగా చూస్తే రాబోయే కష్టాలన్నీ అందులోనే కనబడతాయి. నడిరాత్రి మొత్తం రెండో వ్యాన్‌దే. మొదటి వ్యాన్‌కు నిద్ర వేళ సరైనదే కానీ దాని మొదటి పరుగరి 3:20కి, కలత నిద్ర నుంచి లేచి నేరుగా రోడ్డెక్కాలి.

ప్రతి మార్పిడి దగ్గరా నిజంగా చేరిన సమయం రాయగానే తర్వాతి ఆరు అంచెల అంచనాలను సవరించాలి. ఈ ఒక్క పని ఎగ్గొట్టినందుకు నా మొదటి పోటీలో నేనే ఫలితం అనుభవించాను. అర్ధరాత్రి దాటాక గంటన్నరకు నా అంచె ముగించి, వెలుగుతున్న దీపాల కిందికి చేయి చాచి పరిగెత్తుకొచ్చాను. పరుగు మారేటప్పుడు ఒకరి నుంచి ఒకరికి అందించే చేతిపట్టీ నా దగ్గరుంది, దాన్ని అందుకోవలసినవారు అక్కడ లేరు. మా జట్టు సంఖ్యను వలంటీరు మూడుసార్లు కేకేశారు. మా వ్యాన్ అక్కడికి రెండు వందల అడుగుల దూరంలోనే ఉంది. అందులో అందరూ నిద్రపోతున్నారు. పొద్దున వేసిన పట్టిక ప్రకారం నేను రెండింటికి దగ్గరగా రావాలి, అలారం దానికి తగ్గట్టే పెట్టారు. సాయంత్రం అంచెల్లో మేము ముందుకు జరిగిన సంగతి ఎవరూ దిద్దలేదు. చెమట ఆరి చలి పుట్టేదాకా, పదకొండు నిమిషాలు, మార్పిడి చోట కట్టిన తాడు పక్కన నిలబడి ఉన్నాను. ఆ పదకొండు నిమిషాలను పరుగులో సంపాదించాలంటే ఎంత సాధన కావాలో లెక్కవేయడం నాకు ఇష్టం లేదు.

3. అంచెల పంపకం

జట్టు పరిగెత్తే క్రమంలోని పన్నెండు వరుస సంఖ్యల్లో ఒక్కోదానికీ ఒక స్వభావం ఉంటుంది. మొత్తం దూరం చూసి పంచితే సరిపోదు. ఎత్తుపల్లాలూ, ఏ అంచె ఏ వేళకు పడుతుందన్నదీ చూడాలి. దిగువకు జారే అంచెలను తేలిక అనుకోవడం మామూలు పొరపాటు. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువు ఆపవలసి ఉంటుంది, ఆ రకమైన శ్రమే కండరాలను ఎక్కువగా నలగ్గొడుతుంది. హుడ్ టు కోస్ట్ మొదటి అంచె కొండ మీది నుంచి ఏకధాటిగా దిగుతుంది; దాన్ని ఉత్సాహంగా పరిగెత్తిన మనిషికి సాయంత్రం రెండో అంచెలో ఆ దిగుడు గుర్తొస్తుంది. ఇలాంటి అంచెను దిగువ పరుగు సాధన చేసినవారికే ఇవ్వాలి.

చీకటికి జంకేవారికి రాత్రి అంచె జనసంచారం ఉన్న దారిలో పడేలా చూడండి. జట్టులో అందరికంటే నిలకడైన మనిషికి ఒకటో సంఖ్య కంటే పన్నెండోది ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. ముప్ఫై గంటలు వేచి ఉండి చివరి అంచె పరిగెత్తడానికి ఓర్పు కావాలి. అలాగే ఒకరు తప్పుకోవలసి వస్తే వారి అంచెలను ఎవరు తీసుకుంటారో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. ఆ సంభాషణ ముందురోజు మధ్యాహ్నం ఐదు నిమిషాల్లో తేలుతుంది, రాత్రి రెండింటికి గొడవగా మారుతుంది.

4. సాధన

మూడు అంచెల 27 కిలోమీటర్లకు హాఫ్ మారథాన్ స్థాయి సాధన సరిపోతుంది. తేడా అంతా చల్లబడి బిగుసుకున్న కాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టడంలో ఉంది, దాన్ని మామూలు పొడవు పరుగు నేర్పదు. పోటీకి ఆరేడు వారాల ముందు ఒకసారి, మూడు వారాల ముందు మరొకసారి, 24 గంటల్లో మూడు పరుగులు చేయండి: సాయంత్రం 8 కిలోమీటర్లు, తెల్లవారుజామున 6, మధ్యాహ్నం 8. మధ్యలో తినేది, కట్టుకునేది, వేసుకునే బూట్లు అన్నీ పోటీలో వాడబోయేవే కావాలి. హెడ్‌ల్యాంప్‌తో కనీసం రెండు రాత్రులు పరిగెత్తాలి, ఎందుకంటే దాని వెలుగులో నేల చదునుగా, గుంతలు లేనట్టు కనబడుతుంది. కాలు ఎంత ఎత్తి వేయాలో అలవాటు మీదనే తెలుస్తుంది. నుదుటి మీది దీపం నీడలను చదును చేస్తుంది కనుక కొందరు నడుముకు కట్టుకునే దీపాన్ని ఇష్టపడతారు.

5. సంచులు, వ్యాన్

పెద్ద సూట్‌కేసులు వద్దు. ఒక్కొక్కరికి ఒక మెత్తని సంచి, అందులో మూడు జిప్ కవర్లు, వాటి మీద 1, 2, 3 అని రాసి ఉండాలి. ప్రతి కవరులో ఆ అంచెకు కావలసిన పూర్తి బట్టలు, సాక్సులు, జట్టు సంఖ్య కాగితానికి పిన్నులు ఉంటాయి. చీకటి వ్యాన్‌లో, పక్కవారి మోచేయి మీ పక్కటెముకల్లో ఉండగా, రెండో కవరు ఒక్కటీ లాగితే చాలు. విప్పిన తడి బట్టలు అదే కవరులోకి వెళ్ళి జిప్ పడుతుంది. ఈ నియమం పాటించని వ్యాన్‌లో రెండో రోజు ఉదయం కూర్చోవడం ఒక ప్రత్యేకమైన అనుభవం. రెండు జతల బూట్లు, తువ్వాలు, తడి టిష్యూలు, ఒరుసుకునే చోట్ల రాయడానికి పెట్రోలియం జెల్లీ, చలికి ఒక జాకెట్ ఉంటే మిగతావి అంత ముఖ్యం కావు.

ప్రతి వ్యాన్‌లోనూ కనీసం మూడు హెడ్‌ల్యాంపులు, మూడు రిఫ్లెక్టివ్ జాకెట్లు, వీపున కట్టే మూడు ఎర్ర దీపాలు ఉండాలి. ఒక జత దారిలో ఉన్నవారికి, ఒకటి సిద్ధమవుతున్నవారికి, ఒకటి చెడిపోతే వాడుకోవడానికి. ఇవన్నీ ఒకే వ్యాన్‌లో పెట్టి మరచిపోయిన జట్లను చూశాను. వ్యాన్ తాళంచెవికి ఒకే చోటు, ఒకే కొక్కెం కేటాయించండి. ఇంధనం సాయంత్రం వెలుగుండగానే నింపించాలి. తలుపు పక్క సీటు తర్వాత పరిగెత్తవలసిన మనిషిది, వెనుక సీటు పడుకోవలసినవారిది, డ్రైవరు పక్క సీటు మెలకువగా ఉండి దారి చూసే మనిషిది. ఆ సీట్లో కూర్చున్నవారికి కునుకు తీసే హక్కు లేదు.

6. మార్పిడి

పరుగరిని రోడ్డు మీదికి పంపిన వెంటనే వ్యాన్ బయలుదేరుతుంది. ఎండ వేళ పొడవైన అంచెల్లో, ఆగనిచ్చే చోటు ఉంటే, సగం దూరంలో ఒకసారి నిలిచి నీళ్ళు అందించాలి. లేకపోతే నేరుగా తర్వాతి మార్పిడి స్థలానికి వెళ్ళాలి, అక్కడ వాహనాలు బారులు తీరి ఉంటాయన్నది లెక్కలో పెట్టుకోవాలి. అంచనా సమయానికి 15 నిమిషాల ముందు తర్వాతి పరుగరి మెల్లగా కండరాలు వేడెక్కించుకోవడం మొదలుపెడతారు, 5 నిమిషాల ముందు తాడు దగ్గరకు చేరతారు. వారితో మరొకరు తోడుగా వెళ్ళాలి, ఎందుకంటే వారు విప్పిన జాకెట్ పట్టుకోవడానికి, వచ్చినవారికి నీళ్ళ సీసా ఇవ్వడానికి, సమయం రాయడానికి ఒక మనిషి కావాలి. రాత్రి వేళ వచ్చేది ఎవరో దూరం నుంచి తెలియదు, అందరూ నుదుటిన ఒక తెల్ల చుక్కతో ఒకేలా వస్తారు. జట్టుకు ప్రత్యేకమైన రంగు దీపమో, ఒక పిలుపో ముందే అనుకుంటే ఆ తికమక ఉండదు.

చేతిపట్టీ మారాక వచ్చినవారిని వెంటనే వ్యాన్‌లోకి ఎక్కించకండి. ఐదు పది నిమిషాలు నడిపించి, పొడి బట్టలు మార్పించి ఎక్కించండి. చెమటతో కూర్చుంటే కాళ్ళు అక్కడే బిగుసుకుంటాయి.

7. చీకటిలో పరుగు

ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద, పోటీ నియమావళి వేరుగా చెప్పకపోతే, వాహనాలు ఎదురుగా వచ్చే వైపునే పరిగెత్తాలి. దీపం 200 నుంచి 300 ల్యూమెన్ల వెలుగు ఇస్తే చాలు. ఎదురుగా మనుషులో వాహనాలో వచ్చినప్పుడు దాన్ని కిందికి వంచడం వారికే కాదు, మీకూ రక్షణ. ఇయర్‌ఫోన్లు వ్యాన్‌లో వదిలేయండి. మలుపుల దగ్గర ముందున్న ఎర్ర దీపాన్ని గుడ్డిగా అనుసరించకండి, ఆ మనిషీ దారి తప్పి ఉండవచ్చు. దారి సూచికలు చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తుంచుకుని, చాలాసేపటిగా ఏదీ కనబడకపోతే ఆగి, చివరి సూచిక దాకా వెనక్కి రావడమే క్షేమం. అంచెలోని మలుపులను ముందే ఒక చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవడం పాత పద్ధతే అయినా దాన్ని మించింది నాకు కనబడలేదు.

8. తిండి, నిద్ర

రెండు అంచెల ఆరంభాల మధ్య సుమారు 10 గంటల 40 నిమిషాలు ఉంటాయి. ఆ వ్యవధిని వెనక నుంచి లెక్కించండి: పరుగుకు మూడు గంటల ముందు చివరి భోజనం, గంట ముందు ఒక అరటిపండు లాంటిది. పరుగు ముగిసిన తొలి గంటల్లో శరీరబరువులో కిలోకు, గంటకు 1 గ్రాము చొప్పున పిండిపదార్థాలు తీసుకుంటే కండరాల్లో ఖర్చైన ఇంధన నిల్వ, అంటే గ్లైకోజెన్, త్వరగా నిండుతుంది. 60 కిలోల మనిషికి అది గంటకు 60 గ్రాములు. అన్నం, రొట్టె, ఉడికించిన బంగాళాదుంప, ఏదైనా సరే, కడుపుకు అలవాటైనదే కావాలి. నూనె, పీచు ఎక్కువున్నవి రెండో రోజు మధ్యాహ్నం దాకా వాయిదా వేయండి. నీళ్ళు దాహాన్ని బట్టి తాగాలి. దారి పొడుగునా వట్టి నీళ్ళే అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం తెస్తుంది కనుక కాస్త ఉప్పున్న తిండీ తోడుండాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్ తరహా నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు చేయగలవు. వాటిని అంచెల మధ్య మింగే అలవాటు వద్దు.

నిద్ర విషయానికొస్తే, పైన చెప్పిన పట్టికలో మొదటి వ్యాన్‌కు రాత్రి 10 నుంచి 3:20 వరకు విరామం ఉంది. దాన్ని ఐదు గంటల నిద్ర అనుకుంటే మోసపోతారు. తినడానికి, బట్టలు మార్చుకోవడానికి 40 నిమిషాలు; ఆరు అంచెల అవతల ఉన్న పెద్ద మార్పిడి స్థలానికి, అంటే సుమారు 53 కిలోమీటర్లు, ఒక గంట; పడుకునే చోటు వెతుక్కోవడానికి 20 నిమిషాలు. 12 గంటలకు కళ్ళు మూస్తే 2:20కి లేవాలి. ముందు నిద్రపోయి తర్వాత ప్రయాణం చేద్దామనే వాదన ప్రతి జట్టులోనూ వస్తుంది, దానికి లొంగకండి. ముందుగా గమ్యానికి చేరి పడుకుంటే, అలారం మోగకపోయినా మీరు ఉండవలసిన చోటే ఉంటారు. లేచాక మత్తు వదలడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది, 2:20 అన్నది అందుకే. అలారం రెండు ఫోన్లలో పెట్టాలి, వాటిలో ఒకటి పరిగెత్తవలసిన మనిషిది కాకూడదు.

పడుకునే చోటు గురించి ఒక్క హెచ్చరిక: వాహనాలు నిలిపే మైదానంలో, బండ్ల మధ్య నేల మీద ఎప్పుడూ పడుకోకండి. నిద్రమత్తులో వ్యాన్ వెనక్కి తీసే డ్రైవరుకు నల్లటి స్లీపింగ్ బ్యాగ్ కనబడదు. నిద్రకు కేటాయించిన స్థలంలోనే, లేదా మీ వ్యాన్ లోపలే పడుకోండి.

కాఫీని దాచుకుని వాడాలి. కెఫీన్ పని చేయడానికి అరగంటకు పైగా పడుతుంది, రక్తంలో సగం తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఉత్సాహంగా తాగిన రెండు కప్పులు అర్ధరాత్రి దొరికే ఆ కాస్త నిద్రనూ తినేస్తాయి. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల లోపు మంచిదంటారు. అందులో ఎక్కువ భాగాన్ని తెల్లవారుజాము 3 నుంచి 6 మధ్యకు ఉంచుకోండి. శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం రెండూ అట్టడుగుకు చేరేది ఆ వేళల్లోనే.

9. తేడా వచ్చినప్పుడు

అంచనాకు పావుగంట దాటినా పరుగరి రాకపోతే ముందు మార్పిడి స్థలంలోని నిర్వాహకులకు చెప్పాలి, ఆ తర్వాతే వ్యాన్ దారి వెంట వెనక్కి వెళ్ళాలి. ఒకరు మాత్రం తాడు దగ్గరే ఉండిపోవాలి, లేకపోతే వెతుకుతున్నవారు ఒక దారిన, వచ్చేవారు ఒక దారిన పోతారు. పెద్ద మార్పిడి దగ్గర అవతలి వ్యాన్ కనబడకపోతే, ఫోన్ కలిసినా కలవకపోయినా, ఎవరి పట్టికను వారు అనుసరించాలన్నది ముందే పెట్టుకోవలసిన కట్టుబాటు. ఎండదెబ్బ లక్షణాలు, తలతిప్పు, మాట తడబాటు కనబడితే ఆ అంచె అక్కడితో ముగిసినట్టే. నియమావళి ప్రకారం సమయం కోత పడితే పడనివ్వండి.

10. చివరి అంచె, తిరుగు ప్రయాణం

ఉదయం 8:40కి మొదటి వ్యాన్ పని అయిపోతుంది, గమ్యం మధ్యాహ్నం 2 గంటలకు. ఈ ఐదు గంటల్లో మొదటి వ్యాన్‌లోని ఆరుగురూ ఎక్కడో నిద్రలోకి జారిపోయి, జట్టంతా కలిసి చివరి వంద మీటర్లు పరిగెత్తే వేళకు వాహనాల బారులో ఇరుక్కుంటారు. కాబట్టి ముందు గమ్యం చేరి, బండి నిలిపి, ఆ తర్వాత పడుకోండి. పన్నెండో పరుగరి వచ్చే వేళ కూడా పట్టికలో దిద్దుతూనే ఉండాలి.

తిరుగు ప్రయాణాన్ని ప్రణాళికలో భాగంగా రాసేవారు తక్కువ. 17 గంటలు మేలుకున్న మనిషి చేతిలో బండి, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి చేతిలో బండి లాంటిదనీ, 24 గంటలు దాటితే అది 0.10 శాతానికి సమానమనీ పరిశోధనలు తేల్చాయి. మీ జట్టులో ఆ సాయంత్రానికి అందరూ ఆ స్థితిలోనే ఉంటారు, కాకపోతే పతకం మెడలో ఉండడం వల్ల తెలియదు. గమ్యానికి దగ్గర్లో ఆ రాత్రికి గదులు ముందే తీసుకోండి, కుదరకపోతే పరుగుతో సంబంధం లేని డ్రైవరును రప్పించండి. వ్యాన్ తాళంచెవి మర్నాడు ఉదయం వరకు కొక్కేనికే వేలాడనివ్వండి.